డెబియన్‌లో కంపైలర్ బగ్‌ని రిపోర్ట్ చేయడం ఎలా?

సీ, సీ ప్లస్ ప్లస్ కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ జీసీసీ కుప్పకూలి, తెర మీద 'ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్' అని వస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. తెరని ఫోన్‌తో ఫోటో తీస్తారు, ప్రాజెక్టు మొత్తాన్నీ జిప్ చేస్తారు, 'పని చేయట్లేదు, అర్జెంట్' అని రాసి పంపేస్తారు. ఆ రిపోర్ట్‌ని ఎవరూ ముట్టుకోరు. ఆ తర్వాత 'ఉచిత సాఫ్ట్‌వేర్‌కి సపోర్ట్ ఎక్కడుంటుందండీ' అని కనబడినవాళ్లందరికీ చెప్పడం. సపోర్ట్ ఉంది. కాకపోతే అటువైపు కూర్చున్నవాళ్లలో చాలామంది సొంత సమయం పెట్టి పనిచేసే వలంటీర్లు. మీ ఇరవై వేల లైన్ల కోడ్ చదివే ఓపిక ఎవరికీ ఉండదు. ఇరవై లైన్లు ఇచ్చి చూడండి, కథ మారిపోతుంది.

ఇక్కడ చెప్పేది డెబియన్ అనే లినక్స్ గురించి. ఉబుంటు, ఫెడోరా వాడేవాళ్లకీ పద్ధతి ఇదే, పంపే చోటు మాత్రమే వేరు.

1. సామాను

డెబియన్‌కి బగ్ రిపోర్ట్ పంపే రిపోర్ట్‌బగ్ అనే ప్యాకేజీ, కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే గిట్, మీకు అలవాటైన ఎడిటర్. అంతే.

2. అది బగ్గేనా?

'కిల్డ్' అని చెప్పి కంపైలర్ ఆగిపోయిందా? అది బగ్ కాదు, మెమరీ చాలలేదు. మేక్ కమాండ్‌కి ఒకేసారి పదహారు పనులు అప్పజెప్పి ఉంటారు, వాటిని రెండుకి తగ్గించండి. ఒకే ఫైలు ఒకసారి కంపైలై, ఇంకోసారి వేరే చోట కూలుతోందా? ముందు అనుమానించాల్సింది ర్యామ్‌ని. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్‌ని రాత్రంతా నడవనివ్వండి. ఈ రెండూ కాకుండా, ప్రతిసారీ ఒకే చోట ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్ వస్తుంటే మాత్రం తప్పు కంపైలర్‌దే. మీ కోడ్ తప్పుల తడకైనా సరే, కంపైలర్ 'ఇది తప్పు' అని చెప్పి ఆగాలి గానీ తాను కూలకూడదు.

3. వెర్షన్

జీసీసీకి మైనస్ వీ ఇస్తే వచ్చేదంతా కాపీ చేసుకోండి. మొదటి లైను చాలదు, మొత్తం కావాలి. 'లేటెస్టే వాడుతున్నాను' అనే మాటకి విలువ లేదు. డెబియన్ స్టేబుల్‌లో ఉండే కంపైలర్ ఆ విడుదల నాటిదే, ఆ తర్వాత పెద్ద వెర్షన్ మారదు. కాబట్టి మీ బగ్ కొత్త వెర్షన్‌లో ఈపాటికే పోయి ఉండొచ్చు. కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ అనే వెబ్‌సైట్‌లో కోడ్ పెట్టి చూస్తే ఏ వెర్షన్‌లో ఉందో, ఎందులో లేదో నిమిషాల్లో తేలుతుంది.

4. కుదించడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. మిగతావన్నీ తప్పినా ఎవరో ఒకరు సర్దుకుంటారు, ఈ మెట్టు వదిలేస్తే రిపోర్ట్ పంపడమే దండగ.

ముందు కంపైల్ చేసే కమాండ్‌కి సేవ్ టెంప్స్ అనే ఆప్షన్ చేర్చండి. హెడర్లన్నీ కలిసిపోయిన ఒకే ఫైలు మిగులుతుంది: సీ అయితే డాట్ ఐ, సీ ప్లస్ ప్లస్ అయితే డాట్ ఐఐ. ఒక్క ఐఓస్ట్రీమ్ చేర్చినా అది వేల లైన్లు ఉంటుంది, బెదరకండి. దీనివల్ల లాభం ఏమిటంటే, మీ కంప్యూటర్‌లో ఉన్న లైబ్రరీలు అవతలివాళ్ల దగ్గర లేకపోయినా బగ్ వాళ్లకీ కనిపిస్తుంది.

ఆ ఫైలుని గిట్‌లో పెట్టండి. ఇప్పుడు సగం కోడ్ తీసేయండి. బగ్ ఇంకా వస్తోందా? కమిట్ చేయండి, అంటే ఆ స్థితిని గిట్‌లో భద్రపరచండి. పోయిందా? వెనక్కి వెళ్లి రెండో సగంలోంచి తీయండి. సగాలు అయ్యాక ఫంక్షన్లు, ఫంక్షన్ల లోపలి కోడ్, ఆ తర్వాత వాడని ఆర్గ్యుమెంట్లు, టెంప్లేట్ పారామీటర్లు. బగ్ ఉన్న ప్రతిసారీ కమిట్. 'అన్‌డూ ఉందిగా' అనేవాళ్లు గంట తర్వాత ఏది ఎప్పుడు తీశామో తెలియక మళ్లీ మొదటికి వస్తారు.

జాగ్రత్త ఒకటి. కూలిన ప్రతిసారీ ఎర్రర్ లైను పూర్తిగా చదవండి. కంపైలర్ లోపల ఏ ఫంక్షన్‌లో, ఏ ఫైలులో, ఎన్నో లైన్లో కూలిందో చాలాసార్లు అందులో ఉంటుంది. కోడ్ తీస్తూ తీస్తూ ఉంటే మీ బగ్ చేజారి ఇంకో బగ్ చేతికొస్తుంది. మీరు గమనించరు, 'ఇంకా కూలుతోంది కదా' అనుకుని సాగిపోతారు. చివరికి రెండు నెలల తర్వాత వాళ్లు దాన్ని సరిచేస్తారు, మీ ప్రాజెక్టు మాత్రం ఎప్పటిలాగే కూలుతుంది.

కంపైలర్ కూలకుండా, తయారైన ప్రోగ్రామ్ తప్పు జవాబు ఇచ్చే బగ్‌లైతే ఇంకా ప్రమాదం. 'మైనస్ ఓ2 అనే ఆప్టిమైజేషన్ ఆప్షన్‌తో తప్పు, ఆప్టిమైజేషన్ లేకపోతే ఒప్పు, కాబట్టి కంపైలర్‌ది తప్పు' అనే వాదన వింటే నాకు నవ్వూ రాదు, కోపమూ రాదు, అలిసిపోయాను. సైన్డ్ ఇంటిజర్ హద్దు దాటితే ఏం జరగాలో సీ భాష చెప్పనే చెప్పదు. విలువ పెట్టని వేరియబుల్ చదివినా అంతే. అలాంటి కోడ్‌ని ఆప్టిమైజర్ ఏం చేసినా అడిగే హక్కు మనకు లేదు. అందుకే రిపోర్ట్‌కి ముందు వాల్, ఎక్స్‌ట్రా వార్నింగులు రెండూ పెట్టి కంపైల్ చేయండి. ప్రోగ్రామ్ నడుస్తుండగా ఇలాంటి తప్పుల్ని పట్టుకునే అన్‌డిఫైన్డ్, అడ్రస్ శానిటైజర్లతో నడపండి. నో స్ట్రిక్ట్ ఎలియాసింగ్, వ్రాప్ వీ అనే ఆప్షన్లు విడివిడిగా పెట్టి చూడండి. వీటిలో దేనితోనైనా బగ్ మాయమైతే దాదాపు ఖాయంగా తప్పు మీ కోడ్‌లోనే. కుదించే పనిలో కూడా కొన్ని మెట్లకొకసారి ఈ పరీక్షలన్నీ మళ్లీ చేయాలి, ఎందుకంటే విలువ పెట్టే లైనుని మీరే తీసేసి ఉండొచ్చు.

సీ-రెడ్యూస్ అనే పరికరం ఇదంతా దానంతటదే చేస్తుంది కదా అంటారు. చేస్తుంది, బాగానే చేస్తుంది. బగ్ ఉంటే సున్నా తిరిగిచ్చే చిన్న స్క్రిప్ట్ రాసిస్తే చాలు. కానీ ఆ స్క్రిప్ట్ 'ఏదో ఒకటి కూలితే చాలు' అన్నట్టుంటే పైన చెప్పిన రెండు గోతుల్లోనూ అదే ముందు పడుతుంది. అచ్చంగా అదే ఎర్రర్ లైను వచ్చిందా అని స్క్రిప్ట్‌లో వెతికించాలి. నా మట్టుకు ముందు చేత్తో రెండొందల లైన్లకు తెచ్చాకే దానికి అప్పగిస్తాను. చేత్తో తీసేటప్పుడు సగంమంది తమ తప్పు తామే కనిపెట్టి రిపోర్ట్ మానుకుంటారు. యంత్రానికి మొదటే ఇచ్చేస్తే ఆ మేలు జరగదు. అదీగాక చివర్లో అది మిగిల్చే ఏ, బీ, సీ పేర్ల కోడ్ చదవడం కంటికి శిక్ష.

ఇంకేం తీసినా బగ్ పోతోంది అన్నప్పుడే ఆపండి. ఆఫీసు కోడ్ అయితే రహస్యాలేమీ మిగల్లేదని చూసుకోండి, డెబియన్‌కి పంపిన రిపోర్ట్ అందరికీ కనిపిస్తుంది.

5. రాయడం, పంపడం

సందేశాల భాషని నిర్ణయించే ఎల్‌సీ ఆల్ వేరియబుల్‌కి సీ అని విలువ ఇచ్చి మళ్లీ నడిపితే ఎర్రర్లు ఇంగ్లిష్‌లో వస్తాయి. రిపోర్ట్ కూడా ఇంగ్లిష్‌లోనే, వచ్చీరాని ఇంగ్లిష్ అయినా పర్లేదు. పూర్తి కమాండ్, వెర్షన్ వివరాలు, వచ్చినది, రావలసినది, కుదించిన ఫైలు. ఫోటోలు వద్దు, వాటిని కాపీ చేసి కంపైల్ చేయలేరు. ఊహలు కూడా వద్దు. 'రిజిస్టర్ ఎలకేటర్ (కంపైలర్‌లో ఒక భాగం)లో లోపం అనుకుంటా' అని మీరు రాస్తే ఎవరో పాపం అక్కడే వెతుకుతారు.

రిపోర్ట్‌బగ్ తీవ్రత అడుగుతుంది. విష్‌లిస్ట్ నుంచి క్రిటికల్ వరకు ఏడు స్థాయిలు. నార్మల్ ఎంచుకోండి. మీ డెడ్‌లైన్ రేపు కావడం క్రిటికల్ కిందకి రాదు.

నంబర్ వస్తుంది. ఎవరైనా 'ఫలానా వెర్షన్‌లో చూశారా' అని అడిగితే ఆ వారంలోనే జవాబివ్వండి. లోపం జీసీసీదే అయితే డెబియన్ మెయింటెయినర్ దాన్ని అసలు ప్రాజెక్టుకి చేరవేస్తారు, లేదా మిమ్మల్నే అక్కడ నమోదు చేయమంటారు. అప్పుడు ఆ రెండో నంబర్ మొదటి రిపోర్ట్‌లో రాయండి. మధ్యలో తప్పు మీదేనని తేలితే మీ నంబర్‌కి డాష్ డన్ చేర్చిన చిరునామాకి కారణం రాసి, మీరే మూసేయండి.