మీ నికర ఆస్తి ఎంత? కాగితం మీద తేల్చుకునే పద్ధతి

ఎన్నికల్లో పోటీ చేసే ప్రతి అభ్యర్థి ఫారం 26 అనే అఫిడవిట్‌లో తన పేరున, భార్య లేదా భర్త పేరున, తనపై ఆధారపడినవారి పేరున ఉన్న చరాస్తులు, స్థిరాస్తులు, అప్పులు విడివిడిగా చూపాలి. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఫలితంగా వచ్చిన నియమమిది. నామినేషన్ల రోజుల్లో ఎవరి ఆస్తి ఎంతో పత్రికల్లో ఆసక్తిగా చదివే మనం, అలాంటి పట్టికను మన ఇంటికి వేసుకోవడం మాత్రం అరుదు. ఉన్నవాటన్నిటి నేటి విలువలోంచి తీర్చవలసిన బాకీలన్నీ తీసివేస్తే మిగిలేదే నికర ఆస్తి. తీసివేత చిన్న లెక్కే కానీ, ఒక్కో వరుసలో ఏ అంకె వేయాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు.

ముందుగా ఒక తేదీ నిర్ణయించుకోవాలి. మార్చి 31 అనువైనది, ఎందుకంటే బ్యాంకు ఖాతాల వివరాలు, గృహరుణ ధ్రువపత్రాలు, పీఎఫ్ లెక్కలు అన్నీ ఆ తేదీకే దొరుకుతాయి. భార్యాభర్తలు ఒకే పట్టిక వేసుకున్నా, ఏది ఎవరి పేరున ఉందో పక్కనే రాసుకోవడం మంచిది. పుట్టింటివారు పెట్టిన నగలు స్త్రీధనం. అవి ఆమె సొంతమేనన్న సంగతి పట్టికలోనూ స్పష్టంగా కనిపించాలి.

డబ్బు రూపంలో ఉన్నవాటితో పెద్ద ఇబ్బంది లేదు. పొదుపు ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్, పీపీఎఫ్ నిల్వలను ఉన్నవి ఉన్నట్టు రాయాలి. మ్యూచువల్ ఫండ్లన్నిటి వివరమూ పాన్ నంబరు మీద ఒకే స్టేట్‌మెంటుగా తెప్పించుకోవచ్చు. ఈపీఎఫ్ పాస్‌బుక్‌లో మీ వాటా, యజమాని వాటా మాత్రమే కలపాలి. పింఛను వాటా అని మూడో వరుసలో కనిపించే మొత్తం, చాలామందికి నెలకు 1,250 రూపాయలు, మీ నిల్వ కాదు. జీవిత బీమా పాలసీ విషయంలో, పత్రం మీద పెద్ద అక్షరాలతో ఉన్న బీమా మొత్తాన్ని కాక, ఈ రోజు సరెండర్ చేస్తే, అంటే గడువుకు ముందే పాలసీని వదులుకుంటే, ఇచ్చే మొత్తాన్ని రాయాలి. మామూలు టర్మ్ పాలసీకి సరెండర్ విలువ ఉండదు కాబట్టి దాని విలువ సున్నా. కుటుంబానికి అది ఎంత అవసరమైనా ఈ లెక్కలోకి రాదు.

ఇల్లు, స్థలం దగ్గర మాత్రం నిదానించాలి. రిజిస్ట్రేషన్ శాఖ విలువ వేస్తే తక్కువ కావచ్చు. అమ్మకానికి పెట్టినవారు చెప్పే ధర వేస్తే ఎక్కువవుతుంది. అదే అపార్ట్‌మెంటులో, అదే వెంచరులో ఈ మధ్య నిజంగా చేతులు మారిన ధర ఎంతో కనుక్కుని, అందులోంచి మధ్యవర్తి కమిషన్, అమ్మితే కట్టవలసిన పన్ను తీసి రాయాలి. అనుమతి లేని లేఅవుట్‌లోని ప్లాటైతే దాన్ని క్రమబద్ధం చేయించుకోవడానికి కట్టే ఎల్‌ఆర్‌ఎస్ రుసుమునూ తగ్గించాలి. లింకు డాక్యుమెంట్లలో, అంటే ఆ స్థలం ఇంతకుముందు ఎవరెవరి చేతులు మారిందో చూపే పాత దస్తావేజుల్లో లోపమో, హద్దుల తగాదానో ఉంటే, అది తేలేదాకా ఆ ప్లాటును మొత్తంలో కలపకుండా కింద విడిగా రాసుకోవాలనే నేను గట్టిగా చెబుతాను. నాన్నగారు బతికుండగా ఆయన స్వార్జితం మీ ఆస్తి కాదు. పిత్రార్జితమైతే మీ వంతు మాత్రమే మీది, ఆ వంతు వేసేటప్పుడు అక్కచెల్లెళ్లను లెక్కలోంచి తప్పించకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి చట్టం పెళ్లికాని కూతుళ్లకూ, 2005 కేంద్ర సవరణ కూతుళ్లందరికీ కొడుకులతో సమాన హక్కు ఇచ్చాయి.

బంగారాన్ని కొన్న ధరకు కాక అమ్మే ధరకు లెక్కించాలి. కొన్నప్పుడు కట్టిన తరుగు, మజూరీ, జీఎస్టీ తిరిగి రావు. రాళ్ల హారం బరువు అయిదు తులాలని చెప్పుకున్నా, రాళ్లూ లక్కా తీసివేస్తే నికరంగా నాలుగు తులాలే ఉండవచ్చు. బిల్లు దాచి ఉంటే అందులో మొత్తం బరువు, నికర బరువు విడివిడిగా ఉంటాయి. తాకట్టులో ఉన్న నగలను కూడా ఆస్తి వైపు పూర్తి విలువకు రాసి, వాటి మీద తెచ్చిన అప్పును అప్పుల వైపు చూపాలి.

ఇక చీటీ. మన ప్రాంతంలో నికర ఆస్తి లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. చీటీ ఇంకా పాడుకోకపోతే ఇప్పటిదాకా కట్టిన వాయిదాలు మీ ఆస్తి. పాడుకున్న రోజునుంచీ మిగిలిన వాయిదాలు మీ అప్పు. నెలకు 20,000 చొప్పున 25 నెలల 5 లక్షల చీటీని ఎనిమిదో నెలలో పాడుకున్నవారు ఇంకా 17 వాయిదాలు, అంటే 3,40,000 రూపాయలు బాకీ ఉన్నట్టే. పాటలో వదులుకున్న సొమ్ములోంచి సభ్యులకు పంచే డివిడెండు వల్ల కట్టేది కొంత తగ్గినా పూర్తి మొత్తమే వేసుకోవడం క్షేమం. రిజిస్టర్ కాని చీటీలో కట్టిన డబ్బును నేనైతే ఆస్తిగా రాయను.

ఇచ్చిన చేబదుళ్లు కూడా అలాగే. అడిగిన వెంటనే తీర్చాలని రాసిన ప్రోనోటుకు మూడేళ్ల కాలపరిమితి ఉంది. ఈలోగా కొంత సొమ్ము తీసుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటే గడువు మళ్లీ మొదలవుతుంది. అలా చేయించకుండా మూడేళ్లు దాటిన నోటుకు సున్నా వేయాలి.

అప్పుల వైపు గృహరుణానికి మిగిలిన అసలు రాయాలి, మిగిలిన ఈఎంఐల మొత్తం కాదు. 8.5 శాతం వడ్డీతో 15 ఏళ్లు మిగిలిన 28 లక్షల రుణానికి ఈఎంఐలన్నీ కూడితే దాదాపు 49.6 లక్షలవుతుంది; ఇంకా పుట్టని వడ్డీని ఇప్పుడే అప్పుగా రాస్తే లెక్క తప్పుతుంది. క్రెడిట్ కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐగా కొన్నవాటి మిగతా వాయిదాలు, పిల్లల చదువు కోసం మీరూ సంతకం పెట్టిన విద్యారుణం, బావమరిది దగ్గర తెచ్చిన చేబదులు, ఏదీ వదలకూడదు. మరచిపోయినవి ఉన్నాయేమోనని క్రెడిట్ నివేదిక చూసుకోవచ్చు. ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒకసారి దాన్ని ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. మీరు జామీను ఉన్న రుణాలు ఇంకా మీ అప్పులు కాకపోయినా, వాటి మొత్తాన్ని పట్టిక అడుగున రాసి ఉంచాలి.

వరంగల్‌లో ఉండే ఒక ఉద్యోగ దంపతుల పట్టికను ఊహించి చూద్దాం. ఖర్చులు పోగా చేతికొచ్చే లెక్కన ఫ్లాటు 60 లక్షలు, ప్లాటు 12 లక్షలు, గ్రాము 10,000 అనుకుంటే నికరంగా 140 గ్రాముల బంగారం 14 లక్షలు, పీఎఫ్ 9 లక్షలు, ఫండ్లు 4 లక్షలు, డిపాజిట్లు 3 లక్షలు, బీమా సరెండర్ విలువ 2.2 లక్షలు, కారు 3.5 లక్షలు, మొత్తం 107.7 లక్షలు. గృహరుణం 28 లక్షలు, చీటీ 3.4 లక్షలు, బంగారం మీద అప్పు 2.6 లక్షలు, కార్డు 70 వేలు, చేబదులు లక్ష, మొత్తం 35.7 లక్షలు. నికర ఆస్తి 72 లక్షలు.

ఆ అంకె చూసి ఊరట పడే ముందు ఇంకొక్క లెక్క వేయాలి. రేపు ఉద్యోగం పోయినా, ఆసుపత్రి ఖర్చు వచ్చిపడినా, ఇంటినీ నగలనూ ముట్టకుండా వారం పది రోజుల్లో వీరి చేతికొచ్చేది డిపాజిట్లు, ఫండ్లు కలిపి 7 లక్షలే. మన కుటుంబాల్లో సంపదంతా భూమిలో, బంగారంలో చిక్కుకుని ఉంటుంది కాబట్టి, నికర ఆస్తి పక్కన ఈ రెండో అంకెను తప్పకుండా రాసుకోవాలి. వయసులో ఉన్నవారి నికర ఆస్తి విద్యారుణం వల్ల సున్నాకు దిగువన ఉండటం సహజం. అందుకు దిగులుపడి లెక్క మానేయకూడదు.

మరుసటి ఏడాది అదే తేదీకి మళ్లీ వేసినప్పుడు, పెరిగిన మొత్తాన్ని రెండుగా విడదీయాలి. తీరిన అసలు, కొత్తగా పొదుపు చేసింది ఒకవైపు. బంగారం, స్థలం ధరలు పెరగడం వల్ల వచ్చింది మరోవైపు. 8 లక్షలు పెరిగి, అందులో 6 లక్షలు బంగారం ధర వల్లనే వచ్చి ఉంటే, ఆ ఏడాది మీరు నిజంగా వెనకేసింది 2 లక్షలే. ఆ కాగితాన్ని నామినీల పేర్లతో, ఖాతాల వివరాలతో కలిపి, ఇంట్లో మరొకరికి కూడా తెలిసిన చోట ఉంచాలి.