దేశాలు తిరిగే కుటుంబం పిల్లలకు ట్యూషన్ ఒప్పుకునే ముందు జాగ్రత్తలు

☐ వీసా. అన్నిటికన్నా ముందు ఇదే. వాళ్లతో కలిసి తిరుగుతూ చెప్పాలంటే అది ఉద్యోగం. టూరిస్టు వీసా మీద జీతం తీసుకుంటే చాలా దేశాల్లో తప్పే. "ఎవరడుగుతారులెండి" అనే మాట నమ్మకండి. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర నిలబడేది మీరే.

☐ ఎక్కువకాలం ఆగే దేశంలో బడి చట్టం. జర్మనీలో నివాసం పెట్టుకుంటే పిల్లలు బడికి వెళ్లాల్సిందే, ఇంటి చదువు చెల్లదు.

☐ పరీక్ష ఏది? ఎన్‌ఐఓఎస్ (కేంద్ర ప్రభుత్వ సార్వత్రిక పాఠశాల) అయితే పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు. ఐజీసీఎస్‌ఈ (పదో తరగతి స్థాయి అంతర్జాతీయ పరీక్ష) అయితే ప్రైవేటు అభ్యర్థిని తీసుకునే కేంద్రం వెతికి, నెలల ముందే పేరు నమోదు చేయించాలి. విమానం టికెట్లు ఆ తర్వాతే కొనమనండి.

☐ ఆన్‌లైన్ అయితే గడియారం. మనకు సాయంత్రం 7 గంటలంటే పెరూలో ఉదయం 8:30. బాగానే కుదురుతుంది. అదే కుటుంబం న్యూజిలాండ్ చేరితే పిల్లలు అప్పటికి మంచి నిద్రలో ఉంటారు. దేశం మారినప్పుడల్లా వేళ మార్చే షరతు ముందే రాయించుకోండి.

☐ చైనాలో గూగుల్ మీట్ తెరుచుకోదు. వేరే దారి చూసుకోండి.

☐ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల పీడీఎఫ్‌లు ట్యాబ్‌లో దించి, విమానం మోడ్‌లో ఒకసారి తెరిచి చూడండి. "దించాను సార్" అన్న పిల్లవాడి ట్యాబ్‌లో నాకు కనిపించింది లింకే!

☐ చేతిరాత నోటుపుస్తకం ఒక్కటైనా సంచిలో ఉండాలి. అందులో రోజూ పది లైన్లు తెలుగు. నేనైతే ఆ పూట కొన్న సరుకుల లెక్క రాయిస్తాను, స్థానిక డబ్బును రూపాయల్లోకి మార్చి.

☐ ప్రయాణం రోజున క్లాసు పెట్టకండి.

☐ ఫీజు నెల ముందే.