ఆదివారం పెసరట్టు పక్కన మిమోసా

ఆదివారం పదకొండు గంటలకి మా ఇంట్లో పెనం ముందు మా ఆవిడ, గ్లాసుల ముందు నేను. నాకు పెసరట్టు తిరగెయ్యడం రాదని పెళ్ళయిన కొత్తలోనే తేలిపోయింది, అలా ఈ పని నాకు దక్కింది. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. నెలకోసారి నాలుగైదు కుటుంబాలు కలుస్తాం. టిఫినూ కాదు, భోజనమూ కాదు అనిపించే ఆ వేళకి మిమోసా బాగా కుదురుతుంది. నారింజ రసం, బుడగల వైను, అంతే.

రెండే సరుకులు కాబట్టి ఏ ఒక్కటి బాగోకపోయినా తెలిసిపోతుంది. చాలామంది సీసాకి ధారాళంగా ఖర్చు పెట్టి, రసం మాత్రం డబ్బాలోది పోస్తారు. నేనైతే తిరగేసి చెబుతాను. సీసా మామూలుది చాలు, రసం అప్పటికప్పుడు పిండాలి.

ఈ సంగతి నాకు చేదుగానే తెలిసింది. మొదటిసారి పదిమందిని పిలిచినప్పుడు, పొద్దున హడావుడి ఎందుకులే అని శనివారం రాత్రే నేవెల్ నారింజలు పిండేసి జగ్గుతో ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున రుచి చూస్తే ఒకటే చేదు. పళ్ళు మంచివి కావనుకున్నాను. మా అత్తగారు అప్పుడు ఇక్కడే ఉన్నారు. ఆవిడది నల్లగొండ వైపు, బత్తాయి తోటల మధ్య పెరిగిన మనిషి. జగ్గు వంక చూసి, "రాత్రే పిండి పెడ్తే చేదు కాదా మరి? బత్తాయైనా గంతే. పిండంగనే తాగాలె" అన్నారు.

దాని వెనక ఉన్న కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను. పండులో ఉన్నప్పుడు చేదు లేని పదార్థమొకటి, పిండాక రసంలోని పులుపు తగిలి, గంటలు గడిచేకొద్దీ లిమోనిన్‌గా మారుతుంది. ఆ లిమోనినే చేదు. నేవెల్ రకంలో ఈ బెడద ఎక్కువ, వేలెన్షియాలో తక్కువ. అందుకే వేలెన్షియా దొరికే కాలంలో అదే కొంటాను. దొరకనప్పుడు నేవెలే, కాకపోతే అతిథులు చెప్పులు విప్పుతుండగా పిండుతాను. గింజలు నలగకూడదు, తొక్క కింద తెల్ల పొర దాకా గట్టిగా నొక్కకూడదు. హైదరాబాదులోనో విజయవాడలోనో చేసుకునేవాళ్ళు నారింజల కోసం తిరగక్కర్లేదు. మన సాత్‌గుడి బత్తాయి కూడా తీపి నారింజ జాతే. పులుపు తక్కువ కాబట్టి గ్లాసుకి అర చెంచా నిమ్మరసం కలపండి.

పిండిన రసాన్ని టీ వడగట్టే జల్లెడలో పోసి తీరాలి. పిప్పి ఉంటే దాని చుట్టూ బుడగలు పుట్టుకొచ్చి, నురగ పొంగి గ్యాసు త్వరగా పోతుంది. వడగట్టాక ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ అరగంటకి చేదెక్కదు.

ఇక సీసా. నేను స్పెయిన్ బుడగల వైను 'కావా' గాని, ఇటలీది 'ప్రొసెక్కో' గాని తెస్తాను. షాంపేన్‌లో నారింజ రసం పోయడానికి నాకు మనసొప్పదు. లేబుల్ మీద 'బ్రూట్' అని ఉండాలి. అంటే లీటరుకి చక్కెర 12 గ్రాములు మించదు. 'ఎక్స్‌ట్రా డ్రై' అన్న మాట చూసి మోసపోకండి, అది బ్రూట్ కన్నా తియ్యన, 12 నుంచి 17 గ్రాముల దాకా ఉంటుంది. తీపి పండే ఇస్తుంది కదా, వైను కూడా తియ్యగా ఉంటే పిల్లల కూల్‌డ్రింకులా తయారవుతుంది. టెక్సాస్ వాళ్ళు సీసా శనివారమే తెచ్చుకోండి. ఆదివారం పొద్దున పదింటి దాకా దుకాణాల్లో వైను అమ్మరు. 2021 సెప్టెంబరుకి ముందైతే మధ్యాహ్నం పన్నెండు దాకా ఆగాల్సి వచ్చేది. లిక్కర్ షాపులు ఆదివారం అసలు తెరవరు.

సీసా ఫ్రిజ్‌లో కనీసం మూడు గంటలుండాలి. మర్చిపోతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్ళు, గుప్పెడు ఉప్పు వేసి అరగంట ముంచండి. ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోతే సీసా పగిలే ప్రమాదం ఉంది. చల్లదనం నాలుక కోసమే కాదు. వెచ్చగా ఉన్న వైనులో గ్యాసు నిలవదు, బిరడా తియ్యగానే సగం నేలపాలు.

బిరడా తీసేటప్పుడు పెళ్ళి వీడియోల్లోలా టప్‌మని ఎగరగొట్టకండి, లోపలి ఒత్తిడి చిన్నది కాదు. తీగ వదులు చేస్తున్నప్పటి నుంచీ బొటనవేలు బిరడా మీదే ఉండాలి. పైన తువ్వాలు కప్పి, సీసాని ఏటవాలుగా, మనుషుల్లేని వైపుకి పట్టుకోండి. బిరడాని కదలకుండా బిగించి, సీసాని తిప్పండి. చిన్న నిట్టూర్పు లాంటి చప్పుడొస్తే సరిగ్గా తీసినట్టు.

కొలత నా లెక్కలో 90 మిల్లీలీటర్ల వైనుకి 60 రసం. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం వాళ్ళు సగం సగం అంటారు. నాకది రసం ఎక్కువనిపిస్తుంది. నా లెక్కన 750 మిల్లీలీటర్ల సీసాకి ఎనిమిది గ్లాసులు, ఏడు మధ్యరకం నారింజలు. ముందు వైను, గ్లాసు వంచి, అంచు వెంట జారేలా పొయ్యండి. నురగ అణిగాక రసం. రసం బరువు ఎక్కువ కాబట్టి కిందికి దిగుతూ తనే కలుస్తుంది. చెంచా పెట్టి తిప్పితే ఇంత జాగ్రత్తా వృథా.

అప్పుడు గ్లాసులో కనిపించే పసుపు రంగే దీని పేరు. మిమోసా అనగానే అత్తిపత్తి గుర్తొస్తుంది, కాని ఆ పువ్వుది గులాబీ వన్నె. డ్రింక్‌కి పేరిచ్చినది దక్షిణ ఫ్రాన్సులో పూసే పచ్చటి గుండ్రని పువ్వు, మన తుమ్మపువ్వుకి దగ్గరి చుట్టం. పారిస్ రిట్జ్ హోటల్ బార్‌లో ఫ్రాంక్ మెయర్ కనిపెట్టాడని చెబుతారు గాని, లండన్ బక్స్ క్లబ్‌లో 1921 నాటికే వైను వాటా ఎక్కువగా ఇలాంటిదే పోసేవారు. పేరు బక్స్ ఫిజ్.

టెక్సాస్ రూబీ రెడ్ గ్రేప్‌ఫ్రూట్‌తో (ద్రాక్ష కాదు, పంపరపనసకి చుట్టం) చేసినా బాగుంటుంది, కొంచెం వగరూ చేదూ కలిసి. కాని ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి ఇచ్చే ముందు ఏ మందులు వాడుతున్నారో అడగండి. కొన్ని కొలెస్ట్రాల్, బీపీ మాత్రలకి గ్రేప్‌ఫ్రూట్ పడదు.

తాగనివాళ్ళకి, తిరిగి కారు నడపాల్సినవాళ్ళకి అదే గ్లాసులో సగం రసం, సగం చల్లటి సోడా, చిటికెడు ఉప్పు. ఉప్పు మా అత్తగారి చేర్పు. రంగు ఒకేలా ఉంటుంది కాబట్టి సోడా గ్లాసుల అంచుకి మాత్రం నారింజ చక్రం గుచ్చుతాను. వచ్చేవాళ్ళందరికీ ఆ గుర్తు తెలుసు.

పెసరట్టులోకి అల్లం పచ్చడి ఘాటుగా ఉంటే ఇది ఇంకా బాగుంటుంది. తొక్కలు పారెయ్యకండి. మైనం పూత పోయేలా పళ్ళని పిండకముందే వేడినీళ్ళలో రుద్ది కడుగుతాను, ఎందుకంటే ఆ తొక్కలన్నీ మా అత్తగారు పెరట్లో పళ్ళెంలో ఎండబెడతారు, సున్నిపిండిలోకి.