వన్‌టౌన్‌లో దారి సూచికలు రూపొందించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

విశాఖపట్నం పాతనగరమైన వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్, పాత పోస్టాఫీసు, రాస్‌హిల్ పరిసరాలకు బోర్డుల నమూనా గీయడానికి ముందే, చక్రాల కుర్చీ వాడేవారితోనూ చూపు లేనివారితోనూ కలిసి ఆ వీధులన్నీ తిరిగి చూడాలి. కొండదారిలో మెట్లుంటే ఆ సంగతి మెట్ల దగ్గర కాదు, వెనక్కి మళ్లే వీలున్న మలుపులోనే తెలియజేయాలి.

తెలుగు అక్షరాల విషయంలో తొందర పనికిరాదు. గుడి గుర్తు పైకి, వత్తులు కిందికి సాగే లిపి కాబట్టి ఇంగ్లీషుకు సరిపోయే పంక్తుల ఎడం దీనికి చాలదు. ‘కన్యకాపరమేశ్వరి’ అన్న పేరును అసలు పరిమాణంలో అచ్చువేసి, వీధి అవతలి నుంచి, ఎండలోనూ దీపాల వెలుగులోనూ, య వత్తు, వ వత్తు స్పష్టంగా కనిపిస్తున్నాయో లేదో వయసు మళ్లినవారి చేత చదివించి చూడాలి. మెరిసే పూత వద్దు.

బ్రెయిలీ, ఉబ్బెత్తు అక్షరాలను నేల నుంచి సుమారు 1.2–1.5 మీటర్ల ఎత్తులో అమర్చాలి. వాటి ముందు మోటార్‌సైకిళ్లు నిలిపే చోటైతే ఎంత ఖర్చుపెట్టినా అవి అలంకారమే. నడకదారి మీదుగా వేలాడే బోర్డుల కింద కనీసం 2.1 మీటర్ల ఖాళీ ఉండాలి.

ఉప్పుగాలికి మామూలు ఇనుము త్వరగా తుప్పుపడుతుంది. 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ తుపానును చూసిన ఊరు కనుక, స్తంభాల పునాదిని గాలి ఒత్తిడికి లెక్కకట్టించాలి. సున్నపు గార ఉన్న పాత గోడలకు మేకులు దిగ్గొట్టకుండా విడి స్తంభాలే వాడాలి.