మీ ఊరి చరిత్ర రాయడం ఎలా?

ఊరి చరిత్ర రాద్దామని కూర్చున్నవాళ్లు చాలామంది వనవాసంలో రాముడు ఇక్కడ ఆగాడని మొదలుపెడతారు. ఆ కథను వదిలేయక్కర్లేదు, కాకపోతే అది ఊళ్లో చెప్పుకునే కథ అని చెప్పి రాయాలి. రాసిన ప్రతి వాక్యానికీ ‘ఇది మీకెలా తెలుసు?’ అని ఎవరైనా అడిగితే జవాబు ఉండాలి. చరిత్రకు అసలు పరీక్ష అదే.

1. చిన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. చెరువు ఎప్పటిది, దాని నీళ్లు ఎవరి పొలాలకు పారేవి? ఇలాంటిది ఒక్కటి చాలు.

2. ముందు పెద్దవాళ్లను కలవండి. రిజిస్టర్లు వచ్చే ఏడాది కూడా ఉంటాయి, తొంభై ఏళ్ల అవ్వ ఉంటుందో లేదో. అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ‘ఊరి చరిత్ర చెప్పు’ అంటే ఎవరూ చెప్పలేరు. మంచినీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకునేవాళ్లు, కూలి గింజలిచ్చేవాళ్లా డబ్బులిచ్చేవాళ్లా అని అడగండి. అన్ని వాడలకూ వెళ్లండి. నాట్లు వేసిన ఆడవాళ్లను తప్పకుండా కలవండి.

3. కాలం తేల్చండి. అన్నిటికన్నా ఎక్కువ ఓపిక కావలసింది ఇక్కడే. ‘మా వాళ్లు నందన కరువులో వలస వచ్చారు’ అని ఒక తాత అన్నాడనుకోండి. గుంటూరు సీమను ఊడ్చేసిన నందన కరువు 1832-33లో వచ్చింది. కానీ అరవై ఏళ్లకు తిరిగి 1892లోనూ నందన వచ్చింది, ఆ రోజుల్లోనూ కరువు ఉంది. వలస వచ్చినాయన తాతకు ఎన్నో తరం, ఆయన పేరు ఏ రిజిస్టరులో ఉంది అని చూస్తేగానీ తేలదు. అప్పటికీ తేలకపోతే రెండు సంవత్సరాలూ రాయండి. శాసనాల్లోని శక సంవత్సరానికి 78, రెవెన్యూ కాగితాల్లోని ఫసలీకి 590 కలిపితే ఇప్పుడు వాడే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. నెలను బట్టి ఒక ఏడాది తేడా రావచ్చు.

4. కాగితాలు వెతకండి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ తరఫున కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, ఇంకా ఎందరో సేకరించిన కైఫీయతుల్లో (ఊళ్ల గురించి అక్కడివాళ్లు చెప్పగా రాసుకున్న వివరాల్లో) మీ ఊరు ఉందేమో చూడండి. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఇవి ఉన్నాయి, కొన్ని అచ్చయ్యాయి కూడా. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊళ్లకు ఇనాం భూముల హక్కులు విచారించడానికి 1858లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టర్లు దొరకవచ్చు. నిజాం పాలనలో ఉన్న ఊళ్లవాళ్లు హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్‌లో వాకబు చేయాలి. అక్కడి పాత కాగితాలకు ఉర్దూ, ఫార్సీ చదివే మనిషి తోడు కావాలి.

కైఫీయతుల్లో చాలావరకు కరణాలు చెప్పిన మాటలే ఉంటాయి. గుడి మాన్యాల గురించి, అగ్రహారాల గురించి బాగా తెలుస్తుంది. ఆ మాన్యాలు దున్నిన పాలేర్ల పేర్లు మాత్రం కనిపించవు. రెండో మెట్టులో చేసిన రికార్డింగులు ఆ లోటు కొంతైనా పూడుస్తాయి.

5. శాసనం ఉంటే సున్నం, నూనె, పెయింటు పూయకండి. చీకటి పడ్డాక టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫోటో తీస్తే అరిగిన అక్షరాలు కూడా తేలతాయి.

6. రాసేటప్పుడు మాటలు కలవని చోట రెండూ పెట్టండి. ఏ బావిలో ఎవరిని నీళ్లు తోడుకోనివ్వలేదో కూడా రాయండి. ఊరికి చెడ్డపేరు వస్తుందని టెన్షన్ పడి దాన్ని తీసేస్తే, ఆ బావి దగ్గర నిలబడి ఎదురుచూసినవాళ్లకు మళ్లీ అన్యాయం చేసినట్టే.

7. బడిలో చెప్పేటప్పుడు మీ తీర్మానం ముందే చెప్పకండి. ఒకే సంగతి మీద ఇద్దరు పెద్దల మాటలు, ఒక రిజిస్టరు నకలు పిల్లల ముందు పెట్టి ఏది ఎందుకు నమ్ముతారో చెప్పమనండి. తర్వాత చెరువు కట్ట మీదికి తీసుకెళ్లి తూములు చూపించండి.

8. అచ్చుకు ఇచ్చేముందు చిత్తుప్రతిని రచ్చబండ దగ్గర, అన్ని వాడల్లోనూ చదివి వినిపించండి. ఎవరు ఏం దిద్దారో తేదీతో రాసుకోండి. పుస్తకంతోపాటు ఆ దిద్దుబాట్లు, రికార్డింగులు కూడా గ్రంథాలయంలో ఇచ్చేయండి.