దారం మీద కలకండ

మా కావలిలో ఇంట్లో దారం మీద కలకండ పెంచడానికి సంక్రాంతి సెలవులే మంచి కాలం. కార్తీక మాసపు ముసురులో తేమకి దారం సరిగా ఆరదు.

అసలు కిటుకు ఆ దారంలోనే ఉంది. నూలు దారాన్ని తడిపి, చక్కెరలో దొర్లించి, రాత్రంతా ఆరనివ్వండి. సరిగా ఆరకుండా ముంచితే అంటుకున్న పలుకులు పాకంలో కరిగిపోతాయి. ఆ పలుకులే విత్తనాలు, కొత్త స్ఫటికాలు వాటి మీదే పెరగాలి.

ఒక గ్లాసు నీళ్లు మరిగించి, మూడు గ్లాసుల చక్కెర కొంచెం కొంచెంగా వేస్తూ పూర్తిగా కరిగించండి. ఈ పని పెద్దవాళ్లే చేయాలి, వేడి పాకం చర్మానికి అతుక్కుని కాలుస్తుంది. గోరువెచ్చగా అయ్యాక గాజు సీసాలో పోసి, పుల్లకు కట్టిన దారాన్ని అడుగుకీ అంచుకీ తగలకుండా వేలాడదీయండి. పైన పల్చటి గుడ్డ, కింద చీమల కోసం నీళ్ల పళ్లెం.

వంద గ్రాముల నీళ్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 200 గ్రాముల చక్కెర కరుగుతుంది, మరిగే నీళ్లలో 480 దాకా. చల్లారేకొద్దీ నీళ్లు పట్టుకోలేని చక్కెర దారం మీద చేరుతుంది. ఇసకపల్లి ఉప్పు మడులు చూసిన పిల్లలు వెంటనే ఉప్పు గురించి అడుగుతారు. ఉప్పు వేడినీళ్లలోనూ చన్నీళ్లలోనూ దాదాపు ఒకేలా కరుగుతుంది, అందుకే అక్కడ నీటిని ఎండకు ఆవిరి చేయాల్సిందే.

సీసా కదపొద్దు. పైన తెట్టు కడితే చెంచాతో తీసేయండి. వారం పది రోజుల్లో కోసుగా మూలలు తేలిన పలకలు కనిపిస్తాయి. బయటికి తీసి, పాకం కారిపోయాక ఆరబెట్టుకుని తినండి.