మాట పడిపోయిన మనిషితో మాటాడ్డం ఎలా?

పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినవాళ్లలో చాలామందికి మాట కూడా దెబ్బతింటుంది. ఎక్కువమందికి మాటని నడిపే భాగం మెదడు ఎడమవైపే ఉంటుంది, కుడి పక్కని కదిలించేదీ అటే. ఈ ఇబ్బందిని డాక్టర్లు అఫేసియా అంటారు. తెలివి ఉంటుంది, మాట దొరకదు. పరామర్శకొచ్చిన చుట్టాల్ని ఆయన ముందు ‘పాపం, ఇంకేటీ తెలీదు’ అననివ్వకండి.

పదాలు సరైనవే గానీ ముద్దగా వస్తున్నాయంటే అది నాలుక, పెదాల బలహీనత. వాళ్లకి పలకో, అక్షరాల చార్టో పనికొస్తుంది. అఫేసియాలో మాటతోపాటు రాత కూడా చెడుతుంది. పలక చేతికిచ్చి ‘రాయి’ అంటే చిరాకు పెంచడమే.

టీవీ ఆపి, ఎదురుగా కూచుని, ఒక్కరే మాటాడండి. ‘ఏటి తింటావు నాన్నా?’ అంటే ఆయన పదం వెతుక్కోవాలి. చోడి అంబలి గిన్నె, ఇడ్లీ పళ్లెం ఎదురుగా పెట్టి ‘అంబలా? ఇడ్లీయా?’ అనండి. మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగండి. ఈలోగా అదే ప్రశ్న ఇంకోలా అడిగితే ఆయన మళ్లీ మొదటికొస్తారు.

అవును, కాదు తారుమారవుతాయి. మీది ఆమదాలవలస అనుకోండి. ‘మనూరు ఆమదాలవలసేనా?’, ‘మనూరు తిరుపతా?’ అని అడిగి చూడండి. రెండింటికీ తలూపితే నొప్పి, మందుల విషయంలో ఆ ఊపుని నమ్మొద్దు, చేత్తో చూపించమనండి. ‘నొప్పి లేదా?’ అని మాత్రం ఎప్పుడూ అడక్కండి. ‘ఊఁ’ అంటే ఉన్నట్టో లేనట్టో మనకే తేలదు.

అట్ట మీద ఆరు ఫోటోలు అంటించండి: మీ ఇంటి చెంబు, బాత్రూం తలుపు, మంచం, మందుల డబ్బా, ఫ్యాను, కంచం. ముప్పై అంటిస్తే వెతుక్కోలేరు. కొందరికి కుడివైపు చూపు కూడా తగ్గుతుంది కాబట్టి అట్టని ఎడమవైపు పట్టుకోండి.

మాట దొరకని చాలామందికి కూడా ఒకటీ రెండూ లెక్క, వారాల పేర్లు, గోవిందా, తిట్లు గడగడా వచ్చేస్తాయి. అది నాటకం కాదు. నోటికి అలవాటైనవి వెతక్కుండానే వస్తాయి. తిట్టు వచ్చిందని నొచ్చుకోకండి, ఆయన అనాలనుకున్నది వేరే అయ్యుంటుంది.

నీళ్లు తాగుతుంటే పొలమారితే మింగడం కూడా దెబ్బతిన్నట్టే. మాటనీ, మింగడాన్నీ పరీక్షించే స్పీచ్ థెరపిస్టు చూసేదాకా నోట్లో ఏదీ పెట్టకండి, పొయ్యకండి.

కుదుటపడిన మాట హఠాత్తుగా మళ్లీ తగ్గితే 108కి ఫోన్ చెయ్యండి. చివరిసారి ఎన్ని గంటలకి బాగున్నారో వాళ్లకి చెప్పండి. ఏ వైద్యం చెయ్యొచ్చో తేల్చేటప్పుడు ఆ టైమే ముందు అడుగుతారు.